ఇంటిల్లిపాదినీ లాటిన్ రెస్టారెంట్‌కు తీసుకెళ్లడం ఎలా

మధ్య న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లకు బయట తినడమంటే ఓక్ ట్రీ రోడ్డే. బిర్యానీ, దోసె, ఇండో చైనీస్, మళ్లీ బిర్యానీ. ఎప్పుడైనా నోటికి మార్పు కావాలనిపిస్తే పిజ్జా, లేదంటే మాల్‌లో వరుసలో నిలబడి కట్టించుకునే బురిటో. ఆ బురిటో తినేసి "మెక్సికన్ కూడా తిన్నాం, పర్వాలేదు" అనేవాళ్లు మనలో చాలామంది. ఎడిసన్ పక్కనే న్యూ బ్రన్స్‌విక్‌లో మెక్సికోలోని వహాకా రాష్ట్రం వాళ్ల వంట ఉంది. ఇంకో దిక్కున పెర్త్ ఆంబోయ్‌లో డొమినికన్, ప్యూర్టో రికన్ వంటలు ఉన్నాయి. ఓపిక చేసుకుని ఉత్తరానికి వెళ్తే ప్యాటర్సన్‌లో పెరూ, యూనియన్ సిటీలో క్యూబా. ఇంత దగ్గర్లో ఉన్నా కుటుంబంతో వెళ్లడానికి మాత్రం జంకుతాం. అత్తయ్యగారు ఏమి తింటారు? బీన్స్‌లో, అంటే రాజ్మాలాంటి గింజల కూరలో, ఏమి కలుపుతారో? మెనూ అంతా స్పానిష్‌లో ఉంటే ఎవరిని అడగాలి?

ఆ జంకుకు కారణాలు ఉన్నాయి. లాటిన్ వంటల్లో పంది కొవ్వు కంటికి కనిపించని చోట్ల ఉంటుంది. కానీ ఎక్కడ ఉంటుందో ముందే తెలిస్తే శాకాహారులు కూడా కడుపునిండా తిని రావచ్చు. అందుకు కావలసిన పనిలో సగం ఇంట్లోనే, బయల్దేరక ముందే పూర్తి చేయాలి.

ముందు దేశం, తరువాత రెస్టారెంట్

"లాటిన్ తిందాం" అని బయల్దేరకండి. అది మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉన్న దాదాపు ఇరవై దేశాల వంట. మిరపకాయ లేనిదే మెక్సికోలో పూట గడవదు. క్యూబా వంటలో కారమే కనిపించదు, వెల్లుల్లి, పుల్ల నారింజ రసంతోనే రుచి తెస్తారు. పెరూలో బంగాళాదుంపకు ఉన్నంత గౌరవం మరే కూరకూ లేదు. బ్రెజిల్ వాళ్లయితే మాట్లాడేది స్పానిష్ కూడా కాదు, పోర్చుగీస్. కాబట్టి మీతో వచ్చేవాళ్లు ఎవరో చూసుకుని దేశాన్ని ఎంచుకోండి. ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టడం ఆ తరువాతి పని.

బృందంలో శాకాహారులు ఎక్కువైతే ఎల్ సాల్వడార్ వాళ్ల పుపుసా దుకాణానికో, వెనిజులా వాళ్ల అరెపా దుకాణానికో వెళ్లండి, రెండూ లోపల కూరిన మొక్కజొన్న రొట్టెలే. చికెన్ దాటి ముందుకు పోనివాళ్లు ఎక్కువైతే పెరూ. మేక మాంసం అంటే లేచి కూర్చునే మామయ్యలు ఉంటే మెక్సికన్, అదీ శనివారమో ఆదివారమో. అన్నీ తినే స్నేహితులు మాత్రమే వస్తున్నప్పుడు క్యూబా, బ్రెజిల్ పెట్టుకోండి. ఈ రెండు చోట్లా శాకాహారికి పక్కన పెట్టే వంటకాలే తప్ప అసలు భోజనం దొరకడం కష్టం.

ఊళ్ల సంగతి కూడా ఇందులోనే ఉంది. న్యూ బ్రన్స్‌విక్‌లో రైల్వే స్టేషను దగ్గర మొదలయ్యే ఫ్రెంచ్ స్ట్రీట్‌లో నడుచుకుంటూ వెళ్తే మెక్సికన్ రెస్టారెంట్లు, రొట్టెల దుకాణాలు, కిరాణా కొట్లు వరసగా కనిపిస్తాయి. అక్కడి మెక్సికన్లలో వహాకా రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ప్యాటర్సన్‌లో పెరూ వాళ్ల సంఖ్య ఎంతటిదంటే ఆ దేశ ప్రభుత్వం అక్కడ కాన్సులేట్ నడుపుతోంది. యూనియన్ సిటీ, వెస్ట్ న్యూయార్క్ (ఇదీ న్యూజెర్సీ ఊరే) మీదుగా సాగే బెర్గెన్‌లైన్ అవెన్యూ క్యూబన్లతో పేరుపడింది. ఇప్పుడు దక్షిణ అమెరికా వాళ్లందరూ అక్కడ ఉన్నారు. న్యూయార్క్ చూపించడానికి బంధువులను తీసుకెళ్లినప్పుడు క్వీన్స్‌లో జాక్సన్ హైట్స్ స్టేషనులో దిగండి. ఒకవైపు 74వ వీధిలో చీరల దుకాణాలు, మిఠాయి కొట్లు. రూజ్‌వెల్ట్ అవెన్యూ మీదికి తిరిగితే కొలంబియా, ఈక్వడార్, మెక్సికో. అలసిపోయిన పెద్దవాళ్లు ఒకవైపు టీ తాగుతూ కూర్చుంటే మిగిలినవాళ్లు రెండోవైపు తినొచ్చు. అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి తీరాలన్న పట్టుదల అన్నివేళలా అక్కర్లేదు.

రోజు, వేళ, మనుషుల లెక్క

ఇలాంటి రెస్టారెంట్లలో మంచివి చాలావరకు చిన్నవి. ఆరుగురు ఎనిమిదిమంది దాటితే రెండు బల్లలు కలపాలి, వంటవాళ్లకూ ఇబ్బందే. పుట్టినరోజు బృందం మొత్తాన్ని మొదటిసారే వెంటేసుకుని వెళ్లకండి. రెండు కుటుంబాలు చాలు.

శని, ఆదివారాలకు ఒక లాభం ఉంది. మెక్సికన్ దుకాణాల్లో బార్బకోవా అనే నెమ్మదిగా ఉడికించిన మాంసం, పోసోలే అనే మొక్కజొన్న గింజల పులుసు, కొన్నిచోట్ల తమాలెస్ అనే మొక్కజొన్న పిండి పొట్లాలు వారాంతాల్లోనే వండుతారు. పొద్దుటి నుంచి అమ్మి అయిపోగానే ఆపేస్తారు. సాయంత్రం ఏడింటికి తీరిగ్గా వెళ్తే గోడ మీద పేరు మాత్రమే మిగులుతుంది. పదకొండున్నరకల్లా అక్కడ ఉండండి. ఆదివారం మధ్యాహ్నం చర్చి అయ్యాక వాళ్ల కుటుంబాలన్నీ వస్తాయి, అప్పుడు నిలబడాలి.

మే 5 సాయంత్రం మాత్రం వద్దు. 1862లో ప్యూబ్లా దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని మెక్సికన్లు ఓడించిన రోజు అది. అమెరికాలో దాన్ని తాగుడు పండుగ చేసేశారు. మెక్సికో స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16, ఆ చుట్టుపక్కల వెళ్తే పండుగ వంట కూడా దొరుకుతుంది.

బయల్దేరే ముందు ఒక ఫోను చేయండి. మూడు విషయాలు అడిగితే చాలు: ఇంతమందిమి వస్తాం, బల్ల ఉంటుందా, కార్డు తీసుకుంటారా, మీ బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా. మూడో ప్రశ్నకు జవాబు తడుముకోకుండా వచ్చిందంటే వంట సంగతి తెలిసిన మనిషే ఫోను ఎత్తారన్నమాట.

పంది కొవ్వు ఎక్కడ దాక్కుంటుంది

ఈ భాగాన్ని నెమ్మదిగా చదవండి, మిగతాది మరిచినా పర్వాలేదు.

పంది కొవ్వును స్పానిష్‌లో మాంతేకా అంటారు. నలిపి వేయించిన బీన్స్‌లో అది సంప్రదాయంగా పడేదే. ఈ రోజుల్లో చాలామంది నూనెతో చేస్తున్నారు. ఎవరు దేనితో చేస్తున్నారో అడిగితేనే తెలుస్తుంది. "లోస్ ఫ్రిహోలెస్ తియెనెన్ మాంతేకా?" అని అడగండి. క్యూబా, ప్యూర్టో రికో వాళ్ల బీన్స్‌లో అయితే కొవ్వుతో పాటు పంది మాంసం ముక్కలు కూడా ఉండవచ్చు. తమాలెస్ చూడగానే మన పెద్దవాళ్లు మురిసిపోతారు, అందులోనూ వహాకా పద్ధతిలో అరటాకులో చుట్టి ఆవిరిమీద ఉడికించినవి కనిపిస్తే. లోపల మిరపకాయ, చీజ్ మాత్రమే ఉన్నా పిండిని గుల్లగా చేసేది సాధారణంగా పంది కొవ్వే. శాకాహారికి తమాల్ ఇచ్చే ముందు తప్పక అడగండి. తోర్తియా అనే పల్చటి రొట్టెల్లో గోధుమవాటిలో కూడా కొవ్వు ఉండొచ్చు. మొక్కజొన్న తోర్తియాలో మామూలుగా మొక్కజొన్న, సున్నపు నీళ్లు, ఉప్పు తప్ప మరేమీ ఉండదు. "దే మైస్" అంటే మొక్కజొన్నది ఇస్తారు.

వహాకా రెస్టారెంట్‌లో త్లయూదా అని ఉంటుంది. పళ్లెం అంచులు దాటేంత పెద్ద తోర్తియాను కరకరలాడేలా కాల్చి, బీన్స్ పూసి, పీచులుగా విడిపోయే చీజ్ వేసి ఇస్తారు. మాంసం వద్దంటే మానేస్తారు కానీ, అన్నిటికంటే అడుగున పూసేది అసియెంతో. పంది చర్మం వేయించినప్పుడు పాత్ర అడుగున మిగిలే కొవ్వు అది. "సిన్ అసియెంతో" అని చెప్పకపోతే శాకాహార త్లయూదాలో కూడా పూసేస్తారు, వాళ్ల దృష్టిలో అది మాంసం కిందికి రాదు మరి.

ఎర్రన్నం మరొకటి. టమాటాతో వండింది కదా అని పెద్దవాళ్లకు వడ్డిస్తాం. చాలా వంటిళ్లలో దాన్ని చికెన్ ఉడికించిన నీళ్లతోనో, చికెన్ పొడి కలిపిన నీళ్లతోనో వండుతారు. "కాల్దో దే పోయో" ఉందా అని అడగండి. మోలే అనే చిక్కటి మసాలా పులుసుదీ అదే కథ. పైగా అందులో వేరుశనగ, బాదం, నువ్వులు కూడా ఉంటాయి. గింజల అలర్జీ ఉన్న పిల్లలు ఉంటే ఆ పాత్రకు దూరంగా ఉంచండి.

శాకాహారిని అని చెప్పేటప్పుడు "సిన్ కార్నే" అని ఊరుకోకండి. కార్నే అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది గొడ్డు మాంసం, చికెన్ వేసి తెచ్చిస్తారు, పాపం మంచి మనసుతోనే. "నో కోమో కార్నే, నీ పోయో, నీ పెస్కాదో" అనండి: మాంసం, కోడి, చేప ఏదీ తినను అని. గొడ్డు మాంసం ఒక్కటే వద్దనేవాళ్లు "సిన్ రెస్" అనాలి. పంది వద్దనేవాళ్లు "సిన్ పుయెర్కో", కొన్ని దేశాలవాళ్ల దగ్గర "సిన్ సెర్దో". మెనూలో అసాదా, సువాదేరో అంటే గొడ్డు మాంసం. అల్ పస్తోర్, కర్నితాస్ అంటే పంది. లెంగ్వా అంటే నాలుక, త్రీపా అంటే పేగులు. పేర్లు తెలియకుండా వేలు పెట్టి చూపిస్తే వచ్చింది తినాల్సిందే.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. పెనం వేరుగా ఉండాలి, గరిటె వేరుగా ఉండాలి అనే పట్టింపు ఉన్న పెద్దవాళ్లను ఈ చిన్న దుకాణాలకు తీసుకెళ్లకండి. ఒకే పెనం మీద అన్నీ కాలుస్తారు. అడిగితే సరే అని తలూపవచ్చు, రద్దీలో ఆ మాట నిలవదు. వాళ్ల నియమానికీ మర్యాద, వంటవాళ్లకూ సుఖం.

శాకాహారికి ఏమి తెప్పించాలి

బీన్స్, అన్నం రెండూ అనుమానమే అయితే వాటి జోలికే పోకుండా తెప్పించడం సులువైన దారి. మెక్సికన్ దుకాణంలో అప్పటికప్పుడు పిండి ఒత్తి చేసే కెసదియా, అంటే లోపల కూర, చీజ్ పెట్టి మడిచిన మొక్కజొన్న రొట్టె, అడగండి. మాల్‌లో దొరికే గోధుమ రొట్టెదానికీ దీనికీ పోలికే లేదు. లోపల గుమ్మడి పువ్వు పెట్టింది ఫ్లోర్ దే కాలబాసా. పొబ్లానో మిరపకాయ చీలికలు పెట్టింది రాహాస్. మొక్కజొన్న కంకికి పట్టే నల్లటి బూజును కూరగా వండి పెట్టింది విట్లకోచే. పేరు వినగానే ముఖం చిట్లించకండి, మట్టివాసనతో పుట్టగొడుగుల రుచి అది. నోపాలెస్ అంటే నాగజెముడు మట్టలు, ముళ్లు గీకి ముక్కలు చేసి వండుతారు. కాస్త జిగురు, కాస్త పులుపు. టాకోలో పెట్టి పైన పచ్చ సల్సా, అంటే పచ్చడిలాంటి సాస్, వేస్తే బాగుంటుంది.

నా ఓటు మాత్రం పుపుసాకే. సాల్వడార్ వాళ్లకు అది జాతీయ వంటకం, ఏటా నవంబరు రెండో ఆదివారం దానికి పండుగ కూడా చేస్తారు. వంటగది కనిపించే చోట కూర్చోండి. వండే ఆవిడ పక్కనే నూనె కలిపిన నీళ్ల గిన్నె ఉంటుంది. అందులో చేతులు తడుపుకుని మొక్కజొన్న పిండి ముద్ద తీసుకుంటుంది. బొటనవేలితో గుంట చేసి అందులో బీన్స్, చీజ్ కూరుతుంది. అంచులు లాగి మూసి, అటూ ఇటూ అరచేతులు మారుస్తూ తట్టి, అరంగుళం మందాన పెనం మీద వేస్తుంది. బొబ్బట్లు చేసిన చేయి ఉన్న అమ్మమ్మలు ఆ పని చూస్తూ తిండి సంగతే మరిచిపోతారు. కాస్త చీజ్ బయటికి కారి పెనానికి అంటుకుని మాడాలి, ఆ మాడిన అంచులోనే ఉంది రుచంతా.

శాకాహారికి "ఫ్రిహోల్ కోన్ కేసో", అంటే బీన్స్, చీజ్ పెట్టింది. బీన్స్‌లో కొవ్వు పడుతుందని తేలితే "కేసో కోన్ లొరోకో" అనండి. లొరోకో అనేది మధ్య అమెరికాలో పెరిగే ఒక తీగ మొగ్గ, చీజ్‌లో పచ్చటి వాసన తెస్తుంది. "రెవ్వెల్తా" మాత్రం వద్దు, అందులో నూరిన పంది మాంసం కలుస్తుంది. పెద్దవాళ్లకు మనిషికి రెండు చాలు, మూడోది కళ్ల ఆకలి. పక్కనే కుర్తీదో ఉంటుంది, అంటే క్యాబేజీ, క్యారెట్ తురిమి వెనిగర్‌లో ఊరబెట్టింది. దాన్ని పుపుసా మీద దండిగా వేసుకుని, పల్చటి టమాటా సల్సా పోసుకుని, చేత్తో తుంచుకుని తినాలి. ఫోర్కు, కత్తి పక్కన పెట్టేయండి, అక్కడ వాళ్లూ చేత్తోనే తింటారు.

వెనిజులా వాళ్ల అరెపాలో "దోమినో" అని అడిగితే నల్ల బీన్స్, తెల్ల చీజ్ పెడతారు. చికెన్ తినే పిల్లలకు "రెయినా పెపియాదా", చికెన్, అవకాడో కలిపింది. పూట గడిచిపోతుంది.

మేక మాంసం వెతుక్కునేవాళ్లకు

బిర్రియా అనే మాంసం పులుసు పేరు వినగానే మేక మాంసం అని ఎక్కడో చదివి సంబరపడతాం. హలిస్కో రాష్ట్రంలో అది మేకతోనే మొదలైంది, నిజమే. అమెరికాలో ఇప్పుడు పులుసులో ముంచి తినే టాకోల పేరుతో అమ్ముతున్నది ఎక్కువగా గొడ్డు మాంసం. అందుకే "చీవో ఓ రెస్?" అని అడిగి తీరాలి: మేకా, గొడ్డా అని. బార్బకోవాకు కూడా ఇదే ప్రశ్న వేయండి. ప్యూబ్లా, హిదాల్గో వైపు వాళ్లు దాన్ని మేక మాంసంతోనో, బొర్రేగో అనే గొర్రె మాంసంతోనో చేస్తారు. టెక్సస్ పద్ధతిలో అయితే అది ఆవు తలకాయ మాంసం.

మేకో గొర్రో అని తేలాక టాకోలు లెక్కపెట్టకండి. లీబ్రా, అంటే పౌండు లెక్కన తెప్పించండి. వేడి తోర్తియాలు గుడ్డలో చుట్టి ఇస్తారు, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ విడిగా. దాంతోపాటు కొన్సోమే అనే పులుసు గిన్నె. మాంసం ఉడికేటప్పుడు కారిన రసం అది, అడుగున శనగలు, అన్నం మెతుకులు ఉంటాయి. నలుగురికి రెండు పౌండ్లు సరిపోతుంది. ఎముకలు కలిపి ఇమ్మని అడిగే మామయ్య ఉంటే సిగ్గుపడకుండా అడగనివ్వండి, వాళ్లకూ ఎముక విలువ తెలుసు.

చికెన్ కుటుంబానికి పెరూ

పోయో ఆ లా బ్రాసా అంటే మసాలాలో నానబెట్టి బొగ్గుల మీద తిప్పుతూ కాల్చిన కోడి. 1950లో లిమా దగ్గర ఒక స్విస్ దేశస్థుడి రెస్టారెంట్‌లో మొదలై ఇప్పుడు పెరూ అంతటికీ ఆదివారం భోజనం అయింది. జులై మూడో ఆదివారం దాని పేరిట ఒక దినం కూడా ఉంది. జీలకర్ర, వెల్లుల్లి, మిరపకాయ, సోయా సాస్ కలిసిన మసాలా కాబట్టి మన నాలుక వెంటనే కలిసిపోతుంది. ఒక కోడి నలుగురికి. బంగాళాదుంప వేపుడు, సలాడ్ తోడు వస్తాయి. పచ్చటి కారం సాస్ ఒక చిన్న గిన్నెలో ఇస్తారు. అది చాలదు, ముందే రెండోది అడగండి.

చైనా నుంచి వలస వెళ్లినవాళ్లు పెరూకు ఇచ్చిన వేపుడు అన్నం పేరు చౌఫా. "చౌఫా దే పోయో" తెప్పిస్తే అన్నం లేనిదే భోజనం కానివాళ్లు శాంతిస్తారు. శాకాహారికి ఉడికించిన బంగాళాదుంప మీద పసుపు రంగు మిరప, చీజ్ సాస్ పోసిన పాపా ఆ లా వంకాయీనా ఉంది. పేరులో మన వంకాయ వినిపించినా లోపల వంకాయ లేదు. పైన ఉడికిన గుడ్డు పెడతారు, వద్దంటే తీసేస్తారు. యూకా ఫ్రీతా అంటే కర్రపెండలం వేపుడు, పిల్లలు బంగాళాదుంప వదిలేసి దాని మీద పడతారు.

అన్నీ తినే స్నేహితులు వచ్చినప్పుడు నెవార్క్‌లో ఫెర్రీ స్ట్రీట్ వైపు బ్రెజిలియన్ రోడిజియో చూడండి. తలకు ఇంత అని కట్టాక ఇనుప చువ్వలకు గుచ్చిన మాంసం బల్ల దగ్గరికే తెచ్చి కోస్తూ ఉంటారు. మొదట వచ్చే చౌక సాసేజీలతో కడుపు నింపుకోకండి, మంచివి నెమ్మదిగా వస్తాయి.

కారం, పానీయాలు

"మెక్సికన్ కారం మనకో లెక్కా" అనే మామయ్య ప్రతి బృందంలోనూ ఒకరు ఉంటారు. హలపేన్యో అనే పచ్చిమిర్చి వరకూ ఆ ధీమా చెల్లుతుంది. కారాన్ని కొలిచే స్కోవిల్ కొలతలో అది 2,500 నుంచి 8,000 దాకా. హబనేరో అనే మిరపకాయ లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా, గుంటూరు మిరప దాని దరిదాపుల్లో కూడా ఉండదు. నారింజ రంగు సల్సా సీసా కనిపిస్తే ముందు చుక్క నాలుక మీద వేసుకుని చూడమనండి. మండితే నీళ్లు పనిచేయవు, పాలు కలిసిన ఓర్చాతా తెప్పించండి. బియ్యం, దాల్చినచెక్క నానబెట్టి రుబ్బి చేసే చల్లటి తీపి పానీయం అది.

ఎర్రటి "అగ్వా దే హమైకా" తప్పక తాగించండి. అది గోంగూర మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్లు పువ్వు అడుగున ఉండే ఎర్రటి రేకలు ఎండబెట్టి నీళ్లలో మరగకాచి చక్కెర వేసి తాగుతారు. పెద్దవాళ్లకు ఇది చెప్పి చూడండి, గ్లాసు ఎత్తి వెలుతురులో పరీక్షగా చూస్తారు. చింతపండు షర్బత్తు, "తమరిందో", కూడా ఉంటుంది. క్యూబన్ దుకాణంలో గ్వానాబానా పాలు దొరుకుతాయి, అది మన లక్ష్మణఫలం. పిల్లలు ఫోనులోకి తల దూర్చే సమయానికి చెప్పడానికి మంచి కబురు ఒకటి: మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి, సీతాఫలం ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ల రాక తరువాతే మనకు అందాయి. మామిడి, చింత అటు వెళ్లాయి. 1490లో మన గోంగూర పచ్చడిలో కారం దేనితో వేసేవారో వాళ్లనే ఊహించమనండి.

మద్యం కావలసినవాళ్లు ముందే అడగాలి. న్యూజెర్సీలో లైసెన్సులు ఊరి జనాభాను బట్టి లెక్కగా ఇస్తారు, ధర కూడా చిన్న వ్యాపారికి అందదు. అందుకే చిన్న రెస్టారెంట్లు చాలావాటిలో మద్యం అమ్మరు, మన బీరో వైనో మనమే తెచ్చుకోనిస్తారు.

తీపి విషయంలో గుడ్డు తిననివాళ్లకు ఫ్లాన్ అనే క్యారమెల్ కస్టర్డ్, త్రెస్ లెచెస్ అనే పాలలో తడిపిన కేకు కుదరవు. "అర్రోస్ కోన్ లెచే" తెప్పించండి, బియ్యం, పాలు, దాల్చినచెక్క. రంగురంగుల హెలతీనా అనే జెల్లీలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది, అది వద్దు.

బల్ల దగ్గర మర్యాద, బిల్లు

మధ్యాహ్నం లోపలికి వెళ్లగానే "బ్యూనాస్ తార్దెస్" అని పలకరించండి, సగం పని అయినట్టే. పక్క బల్లవాళ్లు లేచి వెళ్తూ మిమ్మల్ని చూసి "ప్రోవెచో" అంటే హాయిగా తినండి అని దీవిస్తున్నట్టు. మీరు "గ్రాసియాస్", అంటే ధన్యవాదాలు, అంటే చాలు. మీరు లేచేటప్పుడు మీరూ "ప్రోవెచో" అనండి.

అన్నీ ఒకేసారి తెప్పించకండి. టాకో చల్లారితే తడిసి చీలిపోతుంది. మనిషికి రెండేసి చెప్పి, అవి అయ్యాక మళ్లీ చెప్పండి. శాకాహారుల పళ్లేలను బల్లకు ఒక చివర, వాళ్ల గరిటెలతో విడిగా పెట్టించండి. అందరూ అన్నిట్లోకి చేయి పెడితే వాళ్లు తినడం ఆపేసి నవ్వుతూ కూర్చుంటారు, ఏమీ అనరు.

బిల్లు వాళ్లంతట వాళ్లు తెచ్చి పెట్టరు. తినే మనిషిని లేపినట్టు అవుతుందని అడిగేదాకా ఆగుతారు. "లా క్వెంతా, పోర్ ఫావోర్" అనండి. పన్ను 6.625 శాతం. టిప్పు 18 నుంచి 20 శాతం. ఆరుగురు దాటితే కొన్నిచోట్ల టిప్పు ముందే కలిపేస్తారు, చూసుకుని కట్టండి. బిల్లు కోసం మన రెండు కుటుంబాలు కొట్లాడుకోవడం మామూలే. ఆ కుస్తీ నగదు పెట్టె ముందు, వెనక మనుషులు నిలబడి ఉండగా వద్దు. ఎవరు కట్టాలో కారులోనే తేల్చుకోండి.

మిగిలిన పుపుసాలు కట్టించుకోండి, కుర్తీదోను వేరే డబ్బాలో. మరునాడు మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతాయి. పెనం మీద నూనె లేకుండా, సన్నటి సెగన, మూత పెట్టి రెండు వైపులా కాల్చండి. పెరూ కోడి మిగిలితే ఎముకలు పారేయకుండా మిరియాలు, చింతపండు వేసి రసం కాచుకోండి. పచ్చ సాస్ మాత్రం ఆ రాత్రికే అయిపోతుంది.